వేసవి నిప్పు – పల్లె యిండ్ల రక్షణ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ సందర్భమున నన్ను మాటలాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, ఏ కావ్యమును గూర్చియో చెప్పుదునని వారు అనుకొనియుందురు. ముప్పదియేండ్లు బడిలో తెలుగు చెప్పినవానివద్ద మరేమి ఆశింతురు? నేను మాత్రము నిప్పును గూర్చి మాటలాడెదనని చెప్పితిని. వారు ఒక నిమిషము ఊరకుండి, "మాస్టారూ, పండుగపూట ఆ విషయమెందుకండీ?" అని అడిగిరి. పండుగపూట కాకున్నచో మన ఊరి జనమంతయు ఒక్కచోట కూర్చుండు పూట మరియొకటి నాకు దొరకదు. అందుచేత మన్నింపుడు. మరియొక కారణము కూడ కలదు. ఏబదియేండ్లకు పైగా నా మనస్సులో నున్న యొక మాటను నలుగురిలో చెప్పుకొనవలెనని నా కోరిక.

అది 1971వ సంవత్సరము, వైశాఖ మాసము. నాకు అప్పుడు పదియేండ్లు. మేము కొల్లేటి గట్టున నున్న యొక పల్లెలో కాపురముండెడివారము. మాది తాటాకుల యిల్లు. వీధిలో ఇంచుమించు అన్నియు అట్టివే. ఇంటి వెనుక పెంటదిబ్బ, దాని ప్రక్కన గడ్డిమేటు ఉండెడివి. మా గడ్డిమేటునకు, పొరుగింటి దొడ్డమ్మగారి యింటి చూరునకు నడుమ ఒక మనిషి పట్టునంత సందు మాత్రమే యుండెను. ఆమె మాకు చుట్టము కాదు. అయినను నేను పుట్టిననాటినుండి దొడ్డమ్మ యనియే పిలిచెడివాడను. భర్త పోయి, ఒక్క కూతురును పెట్టుకొని, రెండు గేదెల పాడితో కాలము గడుపుచుండెను.

ఆనాటి యుదయము మా అమ్మ పొయ్యిలోని బూడిద తట్ట కెత్తి నా చేతి కిచ్చి, "నీళ్లు చల్లి మరీ పారబోయి నాయనా" అని చెప్పెను. గోలీలాటకు స్నేహితులు పిలుచుచుండిరి. నేను నీళ్లు చల్లలేదు. తట్టను పెంటదిబ్బపై బోర్లించి పరుగెత్తితిని. నివురు గప్పిన నిప్పు అను మాటను తరువాత ఎన్ని తరగతులలో, ఎందరు పిల్లలకు అర్థము చెప్పితినో లెక్కలేదు. దాని యర్థము నాకు ఆనాడే తెలిసినది.

మధ్యాహ్నము పడమటి గాలి లేచెను. పెంటదిబ్బనుండి గడ్డిమేటు, గడ్డిమేటునుండి దొడ్డమ్మ యింటి చూరు అంటుకొనినవి. ఊరి జనమంతయు బిందెలతో, కుండలతో వచ్చి ఆ యింటిపై నీళ్లు పోయుచుండిరి. అంతలో ఎవరో కేక వేసిరి. తిరిగి చూచునప్పటికి, తూర్పుగా నాలుగిండ్ల ఆవలనున్న యొక కప్పునుండి పొగ లేచుచుండెను. నడుమనున్న యిండ్లు అప్పటి కింకను అంటుకొనలేదు. మంట నేలమీద నడచి పోలేదు, మా తలల మీదుగా ఎగిరి పోయినది. జనము రెండుగా చీలిరి, నీళ్లును చాలలేదు. ప్రొద్దు వాలునప్పటికి వీధిలో గాలివాలున నున్న యిండ్లన్నియు మొండిగోడలై నిలిచెను.

దైవానుగ్రహముచే మనుష్యులకు ప్రాణహాని కలుగలేదు. దొడ్డమ్మగారి లేగదూడ పలుపు తెంచుకొనలేక పాకలోనే పోయినది. జ్యేష్ఠములో కూతురి పెండ్లికని దాచిన బియ్యము, బట్టలు బూడిదయ్యెను. "ఎండకు అంటుకొన్నది" అని అందరును అనుకొనిరి. ఆ రాత్రి నేను మా నాన్నగారితో నిజము చెప్పితిని. ఆయన నన్ను కొట్టలేదు. తెల్లవారగనే దొడ్డమ్మగారి కడకు పోయి, నా చేతనే ఆ మాట చెప్పించెను. మా యింటి కప్పు నేయించుటకై కొని యుంచిన తాటాకును ముందుగా ఆమె యింటికి వేయించెను. ఆ వానకాలమంతయు మా యింటిలో గిన్నెలు పెట్టుకొని కారుచున్న నీటిని పట్టితిమి. దొడ్డమ్మగారు మాత్రము, "బిడ్డ చేసినది కాదులే, గాలి చేసినది" అనిరి. అది ఆమె పెద్దమనసు. ఆ మాటలో సగమే నిజము. గాలి నెవరును ఆపలేరు. తట్టలో చెంబెడు నీళ్లు ఎవరైనను చల్లగలరు. నేను ఈ సభలో చెప్పదలచిన దంతయు ఈ రెండు వాక్యములలోనే యున్నది.

అగ్నికి వాయుసఖుడని మన పెద్దలు పేరు పెట్టిరి. ఆ పేరులో ఎంత యనుభవమున్నదో ఈ కాలపు పరిశోధనలు కూడ చాటుచున్నవి. అమెరికా అటవీశాఖలో పని చేసిన జాక్ కోహెన్ అను శాస్త్రవేత్త, అడవిమంటలలో ఇండ్లు ఎట్లు కాలుచున్నవో అనేక సంవత్సరములు పరిశీలించెను. పెనుమంట గోడవలె వచ్చి ఇంటిని మ్రింగునని జనుల నమ్మకము. ఆయన చూచినది వేరు. తరచుగా మంటకు ముందుగా గాలిలో నిప్పురవ్వలు వచ్చి, చూరులో, కప్పు సందులలో, గోడ ప్రక్కనున్న చెత్తలో పడి రాజుకొనును. ఇల్లు కాలుటయా, నిలుచుటయా అనునది అడవి యెంత పెద్దది అనుదానికంటె, ఇంటి కప్పు ఎట్టిది, దాని చుట్టు నూరడుగులలో ఏమున్నది అనుదానిపైననే ఎక్కువగా ఆధారపడియుండునని ఆయన తేల్చెను.

2018 నవంబరు 8వ తేదీన కాలిఫోర్నియాలోని ప్యారడైజ్ అను పట్టణమును అగ్ని చుట్టుముట్టినది. 85 మంది మరణించిరి. పదునెనిమిది వేలకు పైగా కట్టడములు నాశనమయ్యెను. కాలి బూడిదైన యిండ్ల ప్రక్కనే పెక్కుచోట్ల చెట్లు పచ్చగా నిలిచియుండెను. చెట్టునుండి ఇంటికి కాక, రవ్వవలనను, ప్రక్క యింటి మంటవలనను ఇల్లు అంటుకొన్నదని దీనివలన తెలియుచున్నది.

2023 ఆగస్టు 8వ తేదీన హవాయి దీవులలోని లహైనా పట్టణములో జరిగినది మనకు మరింత దగ్గరి యుదాహరణము. ఆ చుట్టుప్రక్కల పూర్వము చెరకు తోటలుండెడివి. సాగు మానిన పిమ్మట ఆ బీళ్లలో గినీ గడ్డి మొదలైనవి ఏపుగా పెరిగి ఎండినవి. మన పాడి రైతులు మేతకు వేయు గినీ గడ్డియే అది. పెనుగాలి వీచిన దినమున ఆ గడ్డిలో రేగిన నిప్పు పట్టణములో ప్రవేశించి నూరుమందికి పైగా ప్రాణములను, రెండువేలకు పైగా కట్టడములను బలిగొన్నది. ఆ బూడిద నడుమ ఎఱ్ఱకప్పు గల కొయ్యయిల్లు ఒకటి చెక్కుచెదరక నిలిచెను. దానికి రేకు కప్పు వేసియుండిరి. చూరు క్రింద నేలను మొక్కలు తీసివేసి రాళ్లు పరచియుండిరి. అగ్నికి జడిసి చేసిన పని కాదది, గోడకు చెదలు పట్టకుండుటకై చేసినది. అదృష్టమును కొంత తోడై యుండవచ్చును. అయినను ఒక మూరెడు నేల శుభ్రముగా నుండుట ఎంత పని చేయునో అది చూపినది.

ఇక మన సీమకు వత్తము. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాలు విడిపోయి, ఏలూరు ఒక జిల్లాకు కేంద్రమైనది, తాడేపల్లిగూడెము పశ్చిమగోదావరిలో నిలిచినది. కాగితముపై గీత మారినను వేసవి గాలికి ఆ గీత తెలియదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులునను సామెత ఈ రెండు జిల్లాలకును ఒక్కటే. అయితే నేల మూడు విధములు గనుక నిప్పు వచ్చు దారులును మూడు విధములు.

మొదటిది మెట్ట. జంగారెడ్డిగూడెము, బుట్టాయగూడెము, పోలవరము వైపు పోయినచో జీడిమామిడి తోటలు, ఆపైన పాపికొండల అడవి కలవు. ఆ యడవిలో కొంత భాగమును 2008లో జాతీయ ఉద్యానవనముగా ప్రకటించిరి. వేసవిలో రాలిన యాకు మోకాలిలోతు పరచుకొనును. ఇప్పపూవు ఏరుకొనుటకు చెట్టు క్రింద ఆకును కాల్చుట, తునికి చెట్టు కొత్త చిగురు వేయుటకై నిప్పు పెట్టుట అడవి మంటలకు కారణములలో కొన్ని. ఆరక విడిచిన చుట్టపీక మరియొకటి. అడవిలో నిప్పు రేగిన సంగతిని భారత అటవీ సర్వేక్షణ సంస్థవారు 2004 నుండి ఉపగ్రహముల ద్వారా కనిపెట్టి తెలుపుచున్నారు. ఉపగ్రహము చూచునది అడవిని. ఇంటి చూరును చూడవలసినవారము మనమే.

రెండవది డెల్టా. తాడేపల్లిగూడెము చుట్టు కాలువల క్రింద దాళ్వా పంట కోతలు వేసవి ముదురు వేళకే వచ్చును. కొడవలితో కోయునాడు వరి మొదలంట కోసి, కట్టలు కట్టి, కుప్పలు వేసి, గడ్డిని పశువులకు దాచెడివారు. ఇప్పుడు వరికోత యంత్రము పైపైన కోసి, కొయ్యకాళ్లను నిలువుగా విడిచి, గడ్డిని చెల్లాచెదరుగా వెదజల్లి పోవుచున్నది. ఆ గడ్డిని చేర్చుటకు కూలి గిట్టక, తరువాతి దుక్కికి వేళ మించునను తొందరలో రైతు అగ్గిపుల్ల గీయుచున్నాడు. రైతును దూషించి ప్రయోజనము లేదు. ఆతని చిక్కు నిజమైనది. కాని పడమటి గాలి వీచు మధ్యాహ్నమున ఒక చేనిలో పెట్టిన నిప్పు గట్టు దాటి, కొబ్బరి తోట దాటి, ఊరి చివరి పాకకు చేరుటకు ఎంతో సేపు పట్టదు. పైగా గడ్డితోపాటు నేలకు చెందవలసిన సారము కూడ పొగయై పోవుచున్నది.

మూడవది కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులును, మురుగు కాలువలును తెచ్చు నీటిని పట్టి, ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు పంపు ఈ మంచినీటి సరస్సు మిక్కిలి లోతు తక్కువది. ఎండలు ముదిరినకొలది నీరు వెనుకకు పోయి, కిక్కిస, జమ్ము, తుంగ నిలువునా ఎండిపోవును. వర్షకాలమున నీరు చుట్టి లంకను కాపాడును. వేసవిలో అదే లంకను ఎండుగడ్డి చుట్టియుండును. లంకా దహనము అను మాట పురాణమునకే పరిమితము కాదని లంక గ్రామముల ముసలివారి నడిగిన చెప్పుదురు. కొల్లేరు 1999లో అభయారణ్యమైనది. 2002లో రామ్సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తింపబడినది. అభయారణ్యమునకు ప్రమాదము కలుగునట్లు నిప్పు పెట్టుట, నిప్పును ఆర్పక విడిచిపోవుట 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. చట్టమునకు జడిసియైనను, గడ్డిలో గూడు కట్టుకొను పక్షిపై దయచేతనైనను, మన చూరుపై ప్రేమచేతనైనను ఎండిన కిక్కిసలో నిప్పు పెట్టరాదు.

ఈ జాగ్రత్తలన్నియు విదేశీయులు నేర్పగా మనము నేర్చుకొనవలసినవి కావు. కౌటిల్యుని అర్థశాస్త్రములో నగర పాలనను గూర్చి చెప్పిన చోట అగ్ని నియమములు వివరముగా కలవు. వేసవిలో పగటి నడిమి జాములందు నిప్పు రాజవేయరాదనియు, ఇంటివారు నీటి కుండలు, నిచ్చెన, గొడ్డలి, చేట, కొక్కెము, తోలుతిత్తి సిద్ధముగా నుంచుకొనవలెననియు, గడ్డి కప్పులను, చాపల కప్పులను తీసివేయవలెననియు, వీథులలో నీటి కుండలను వరుసగా నిలుపవలెననియు ఆ గ్రంథము విధించినది. పల్లెవారు వేసవిలో ఇంటి వెలుపల వండుకొనవలెననియు అందు కలదు. నియమము తప్పినవారికి జరిమానా కూడ చెప్పబడినది. నిప్పు వచ్చిన తరువాత చేయవలసిన పనికంటె, రాకముందు చేయవలసిన పనినే ఆయన ఎక్కువగా చెప్పెను. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వబోయినట్లు అను మన సామెతయు అదే చెప్పుచున్నది.

ఆ గ్రంథము మనకు దొరకిన కథ గ్రంథాలయ సభలో చెప్పుకొనదగినది. చాలకాలము అది లోకమునకు కనబడక పోయినది. 1905లో మైసూరు ప్రాచ్య గ్రంథాలయములో గ్రంథపాలకులుగా నున్న శామశాస్త్రిగారు దాని తాళపత్ర ప్రతిని గుర్తించిరి. 1909లో అచ్చు వేయించిరి. ఎక్కడనో ఒక యింటి అటకపై ఆ తాటాకుల కట్ట నిప్పురవ్వకు చిక్కియున్నచో, అగ్నినుండి ఇంటిని కాపాడుకొను ఆ నియమములు అగ్నికే ఆహుతియై యుండెడివి. పుస్తకమునకు, పూరింటికి శత్రువు ఒక్కటే. అందుచే ఈ విషయము గ్రంథాలయమునకు తగినదే యని నా మనవి.

ఇక చేయవలసిన పనులు చెప్పెదను. లెక్కలకు అడుగులు, మీటర్లు వలదు. మన బారతోనే కొలుచుకొందము. రెండు చేతులు చాచిన యొక బార ఆరడుగులకు సుమారు సమానము. ఇంటి చుట్టు మూడు గీతలు గీసికొనుడు.

మొదటి గీత చూరునుండి ఒక బార. ఈ బారెడు నేలలో కాలునది ఏదియు ఉండరాదు. కట్టెలు, పిడకలు, ఎండిన కొబ్బరి మట్టలు, గోనె సంచులు, పాత టైర్లు, చిరిగిన పరదాలు అన్నియు అవతలికి పోవలెను. నేలను అలికియైనను, ఇసుక చల్లియైనను, రాళ్లు పరచియైనను ఉంచవలెను. తాటాకు దడిని తెచ్చి ఇంటి గోడకు కలుపరాదు. దడి చివరను అంటుకొనిన నిప్పు దానివెంట నడచి వచ్చి చూరును పట్టుకొనును. చూరునకు ఒక బార ముందుగా దడిని ఆపి, ఆ మేర మట్టిగోడయో ఇటుక గోడయో పెట్టుట మేలు.

రెండవ గీత ఐదు బారలు. ఈ మేరలో రాలిన ఆకు ఎప్పటికప్పుడు ఊడ్వవలెను. ఎండుగడ్డిని చీలమండ యెత్తున కోయవలెను. చెట్ల ఎండు కొమ్మలను, వ్రేలాడు మట్టలను తీయవలెను. కప్పుమీదికి వాలిన కొమ్మను నరకవలెను. చెట్టు పచ్చగా నున్నచో దానిని చూచి భయపడనక్కరలేదు. పచ్చని చెట్టు గాలిలో వచ్చు రవ్వలను కొన్నిటిని ఆపును కూడ. భయమంతయు దాని క్రింద పోగైన ఎండుటాకువలననే.

మూడవ గీత పదునేడు బారలు, అనగా నూరడుగులు. గడ్డిమేటు, పెంటదిబ్బ, కట్టెల మోపు వీలైనంతవరకు ఈ గీత చివరకు పోవలెను. అవి ఇంటికి పడమట ఉండరాదు. మన సీమలో వేసవి గాలి పడమటినుండి వచ్చును గనుక, పడమట నున్న గడ్డిమేటు ఇంటిపైకి గురి పెట్టిన విల్లువంటిది. మేటుపైనుండి విద్యుత్తు తీగ పోరాదు. గడ్డి బండ్లను, ట్రాక్టరులను ఎత్తుగా నింపి వ్రేలాడు తీగల క్రిందుగా తోలరాదు. తీగలు గాలికి ఒకదానితో నొకటి తగిలి రవ్వలు రాల్చుచున్నచో ఆ దినమే విద్యుత్తు కార్యాలయమునకు వ్రాతమూలకముగా తెలుపవలెను.

కప్పు విషయము. తాటాకు కప్పులు పూర్వముకంటె తగ్గినవి గాని పోలేదు. పెంకు, రేకు, శ్లాబు వేయగలిగినవారికి అదియే మేలు. వేయలేనివారు కప్పుపై బంకమట్టి పూత వేసికొనుటకు వీలు కలదు. వానకు కరగకుండ ఆ మట్టిలో తారు కలుపు పద్ధతిని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు రూపొందించిరి. మా తాతగారి యింటిలో కప్పు క్రింద తాటి దూలములపై మట్టి అటక యుండెడిది. ఒకసారి పైకప్పు కాలినను అటక క్రిందనున్న గాదె దక్కినదని మా నాయనమ్మ చెప్పుచుండెడిది. శ్లాబు వేసినవారు తమకు భయము లేదనుకొనరాదు. శ్లాబు ముందు తాటాకు పందిరి, వెనుక గడ్డి పాక, గోడ ప్రక్కన కట్టెలు ఉన్నచో రవ్వకు తలుపు తెరచి పిలిచినట్లే.

పొయ్యి విషయము తల్లులకు నేను చెప్పవలసినది కాదు. అయినను ఆనాటి తట్టను తలచుకొని చెప్పుచున్నాను. బూడిదపై నీళ్లు చల్లి, చేతితో తాకి చూచి, అప్పుడు పారబోయవలెను. పని పిల్లలకు చెప్పినచో వారి వెంట నిలిచి చేయించవలెను. ఎండ ముదరకమునుపే వంట ముగించుట మంచిది. గ్యాసు బండను పూరిపాకలో నుంచినవారు వాడిన వెంటనే రెగ్యులేటరు కట్టివేయవలెను. పశువుల పాకలో దోమలకు పొగ వేయువారు కుంపటిని మట్టి మూకుడులో పెట్టి, మనిషి మేలుకొని యున్నంతసేపే ఉంచవలెను. పశువులను సులువుగా జారు ముడితో కట్టవలెను, పాకలో ఒక కొడవలి అందుబాటులో నుండవలెను. దొడ్డమ్మగారి దూడను తలచుకొనినపుడెల్ల ఆ ముడియే నాకు జ్ఞాపకము వచ్చుచుండును.

పొలము విషయము. గడ్డిని కాల్చకుండుటయే ఉత్తమము. కట్టలు కట్టు యంత్రములు ఇప్పుడు అద్దెకు వచ్చుచున్నవి. తడి యున్న చోట కొయ్యకాళ్లను దమ్ములో కలియదున్నవచ్చును. ఊరికి, తోటకు, పాకకు దగ్గరనున్న చేనిలోనైతే నిప్పు మాటయే తలపెట్టరాదు.

ఇన్ని చేసినను నిప్పు రావచ్చును. వచ్చినపుడు వరుస తప్పరాదు. మొదట ముసలివారు, పిల్లలు, జబ్బుపడినవారు బయటికి రావలెను. పిమ్మట పలుపులు కోసి పశువులను వదలవలెను. వెంటనే 101కి ఫోను చేసి, ఊరి పేరు, దారి గుర్తు, నీరు దొరకు చెరువు ఎక్కడనో చెప్పవలెను. ఏలూరునుండియో తాడేపల్లిగూడెమునుండియో ఫైరింజను వచ్చువరకు తాటాకు కప్పు ఆగదు. కావున కాలుచున్న యింటివద్ద అందరును మూగక, సగము మంది గాలివాలున నున్న యిండ్ల కప్పులపై తడి గోనెలతో, నీళ్ల బిందెలతో నిలిచి రవ్వలను కాచుకొనవలెను. 1971లో మేము ఎరుగక చేసిన పెద్ద తప్పు అదియే. నగకొఱకో, కాగితము కొఱకో మండుచున్న యింటిలోనికి మరల పోరాదు. పట్టాలు, పాసుపుస్తకములు వేసవి నాలుగు నెలలు ఒక్క సంచిలో తలుపు దగ్గర నుంచుకొన్నచో ఆ యవసరమే రాదు. బట్టలంటుకొన్నవారు పరుగెత్తక నేలపై పడి దొర్లవలెను. కాలిన చోట ఇరువది నిమిషములు చల్లని నీరు ధారగా పోయవలెను. సిరా, పేస్టు, వెన్న పూయరాదు. పెద్ద గాయమైనచో 108ని పిలువవలెను.

ఇంతవరకు చెప్పినది వినుటకు బాగుగనే యున్నది. కాని ఈ సభలో వెనుక వరుసలలో కూర్చున్న కొందరు తమలో తాము నవ్వుకొనుచుందురని నేనెరుగుదును. "మాస్టారు పదునేడు బారలు కొలువమనుచున్నారు. మాకున్న నివేశన స్థలమే మూడు బారలు. మా చూరునకు పొరుగు చూరు తగులుచున్నది. గడ్డిమేటును ఏ ఆకాశమున పెట్టవలెను?" ఇది న్యాయమైన ప్రశ్న. మా వీధిలోను అదే స్థితి యుండెను. స్థలము గలవాడు తన యిల్లు తాను కాపాడుకొనగలడు. స్థలము లేనివారి యిల్లు ఊరందరును కలిసియే కాపాడవలెను. వారి కొఱకని కూడ కాదు. ఇరుకు వీధిలో లేచిన రవ్వకు పెద్ద వీధి ఎంతో దూరము కాదు.

అందుచే ఈ రజతోత్సవ వేళ మూడు కోరికలు కోరుచున్నాను. మొదటిది, పంచాయతివారు ఊరికి తూర్పున ఒక ఉమ్మడి గడ్డిమేట్ల స్థలము చూపవలెను. ఇరుకు వీథులలోని పశువులు గలవారికి అందు మొదటి హక్కు ఉండవలెను. రెండవది, ఏటేట ఉగాదికి ముందు వచ్చు ఆదివారమున గ్రంథాలయ సభ్యులు, బడి పిల్లలు, రైతులు కలిసి వీధి వీధిని శుభ్రము చేయవలెను. మొదట ఒంటరి ముసలివారి యిండ్లు, ఆపైన మిగిలినవి. ఆ దినమే ప్రతి వీధిలో నీటి తొట్టి, నిచ్చెన, కొక్కెపు గడ సరిగా నున్నవో లేవో చూడవలెను. మూడవది, మన గ్రంథాలయపు నల్లబల్లపై వేసవి నాలుగు నెలలు వార్తల ప్రక్కన 101 సంఖ్యను, ఆనాటి గాలి దిక్కును వ్రాసి యుంచవలెను. పుస్తకము కొఱకు వచ్చినవాడు గాలి సంగతి కూడ తెలిసికొని పోవును.

దొడ్డమ్మగారి కూతురి పెండ్లి ఒక సంవత్సరము ఆలస్యముగా జరిగెను. ఆ పెండ్లిలో నీళ్లు మోయు పని నాకిచ్చిరి. దినమంతయు చెఱువునుండి బిందెలు మోసితిని. సాయంకాలము దొడ్డమ్మగారు నన్ను పిలిచి, ఆకులో ఒక మిఠాయి యుండ పెట్టి, "ఇప్పుడు నీళ్లు బాగుగ మోయుచున్నావురా" అని నవ్విరి. అది ఎత్తిపొడుపో, క్షమయో నాకు నేటికిని తెలియదు. ఆమె పోయి చాలకాలమైనది. కాని ఆనాటినుండి బూడిద తట్ట చూచినపుడెల్ల నా చేయి చెంబు కొఱకు వెదకును.

మీరందరును ఈ రాత్రి ఇండ్లకు పోయి, పడుకొనబోవుముందు ఒకసారి పెరటిలోనికి పోయి, చూరు క్రింద బారెడు నేల చూడుడు. అక్కడ ఏమున్నదో, అది తెల్లవారగనే ఎక్కడికి పోవలెనో మీకే తెలియును. అంతమాత్రము చేసినచో నా ప్రసంగము సఫలమైనట్లే.

 గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి మన ఊరిలో ఒక్క చూరును నిప్పుకు చిక్కకుండుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.